పండ్రెండుగురు అపొస్తలుల బోధ: మన సంఘ క్రమమునకు ఒక పరీక్ష

2006వ సంవత్సరమున 'యూదా సువార్త' అను కాప్టిక్ గ్రంథమును నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ లోకమునకు వెల్లడి చేసెను. అదే సంవత్సరము 'ద డావిన్సీ కోడ్' చలనచిత్రము విడుదల కాగా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని నిషేధించుటయు, హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేయుటయు జరిగినవి. ఆ దినములలో మన సంఘములలోని యౌవనస్థులు కాపరులను అడిగిన ప్రశ్న ఒక్కటే: బైబిలులో లేని సువార్తలను పూర్వపు సంఘము దాచిపెట్టినదా? ఈ ప్రశ్న ఇప్పటికిని ఆగలేదు. సెల్ ఫోను చేతికి వచ్చిన తరువాత మరింత పెరిగినది.

దీనికి సమాధానము చెప్పుట అంత కష్టమైన పని కాదు. యూదా సువార్త అను పేరుగల గ్రంథమును లియోను పట్టణపు అధ్యక్షుడైన ఐరేనియసు సుమారు క్రీ.శ. 180లోనే పేర్కొని ఖండించెను. బహిరంగముగా ఖండింపబడిన దానిని దాచిపెట్టబడినదని ఎట్లు చెప్పగలము? 1945లో ఐగుప్తులోని నాగ్ హమ్మాది వద్ద దొరికిన తోమా సువార్తలో 114 వాక్కులున్నవి. వాటిలో కొన్ని మన సువార్తలలోని ఉపమానములకు చాల దగ్గరగా నున్నవి గనుక పండితులు దానిని శ్రద్ధతో చదువుచున్నారు. అది తగిన పనియే. అయితే స్త్రీలకు విడుదల నిచ్చు సువార్త ఇదేనని చెప్పువారు దాని చివరి వాక్కు చదివిరో లేదో మాకు సందేహము. స్త్రీ పురుషునిగా మారితేనే రాజ్యములో ప్రవేశమున్నదని ఆ వాక్కు భావము.

మేము చెప్పదలచినది వేరు. ఈ గ్రంథములు ఎంత అలజడి చేసినను, ఆదివారమున మనము చేయు పనిని అవి ముట్టలేదు. యూదా సువార్త చదివి తన సంఘ క్రమమును మార్చుకొన్న కాపరిని మేము ఎరుగము. మన సంప్రదాయమును నిజముగా నిలదీయు గ్రంథము మరియొకటి కలదు. దానిని గూర్చి పత్రికలు వ్రాయలేదు, చలనచిత్రము తీయలేదు. దానిలో రహస్య బోధ లేదు. బాప్తిస్మము ఎట్లు ఇయ్యవలెను, ఎప్పుడు ఉపవసింపవలెను, బల్ల యొద్ద ఏమని ప్రార్థింపవలెను, ఇంటికి వచ్చిన బోధకునికి ఎన్ని దినములు భోజనము పెట్టవలెను అను సంగతులే దానిలో ఉన్నవి. అదియే 'డిడాకే', అనగా 'బోధ'. పూర్తి పేరు పండ్రెండుగురు అపొస్తలుల బోధ. పదునారు చిన్న అధ్యాయముల పుస్తకము; ఒక గంటలో చదివి ముగింపవచ్చును.

దొరికిన విధము

1873లో కాన్‌స్టాంటినోపులు నగరములో, యెరూషలేము పాత్రియార్కు పీఠమునకు చెందిన పరిశుద్ధ సమాధి మఠపు గ్రంథాలయమున, ఫిలొథెయొసు బ్రియెన్నియొసు అను గ్రీకు పండితుడు ఒక చర్మపత్ర గ్రంథమును చూచెను. తరువాత ఈయన నికొమీదియ అధ్యక్షుడాయెను. లెయోను అను లేఖకుడు 1056లో ఆ ప్రతిని వ్రాసి ముగించి, తన పేరు ప్రక్కన తాను పాపినని కూడ వ్రాసికొనెను. అందులో బర్నబా పత్రిక, క్లెమెంతు పేరిట నున్న రెండు పత్రికలు, ఇగ్నేషియసు పత్రికలు ఉన్నవి. వాటి నడుమ డిడాకే ఉన్నది. బ్రియెన్నియొసు 1875లో క్లెమెంతు పత్రికలను అచ్చు వేయించెను. డిడాకేను 1883లో గాని ప్రకటింపలేదు. మరుసటి సంవత్సరమే జర్మనీలో హార్నాకు, 1885లో అమెరికాలో ఫిలిప్ షాఫ్ దానిపై పెద్ద గ్రంథములు వెలువరించిరి.

ఇది దాచబడిన గ్రంథము కాదని మొదట గమనింపవలెను. యూసేబియసు తన సంఘ చరిత్రలో దీనిని ప్రామాణికము కాని పుస్తకములలో లెక్కించెను. మన నూతన నిబంధనలోని 27 పుస్తకముల పట్టికను 367లో వ్రాసిన అతనాసియసు, ఆ పత్రికలోనే, క్రొత్తగా విశ్వాసములోనికి వచ్చువారు చదువదగిన వాటిలో అపొస్తలుల బోధ అను పుస్తకమును చేర్చెను. లేఖనము కాదు గాని చదువదగినది అను మూడవ వరుస ఒకటి ఆనాడు ఉండెను. మన ప్రసంగములలో ఆ వరుస కనుమరుగైనది. ఒక పుస్తకము దేవుని వాక్యమైనను కావలెను, లేదా అబద్ధమైనను కావలెను అన్నట్లు మాటలాడుచున్నాము.

మరి ఎందుకు మరుగున పడినది? సంఘ జీవితము మారెను గనుక పుస్తకము పాతబడెను. సుమారు 380 ప్రాంతమున సిరియాలో కూర్చబడిన 'అపొస్తలుల విధులు' అను గ్రంథపు ఏడవ భాగములో డిడాకే దాదాపు అంతయు చేరియున్నది, కాని అడుగడుగున మార్పులతో. క్రొత్త క్రమ పుస్తకము వచ్చినప్పుడు పాతది బీరువాలోనికి వెళ్లును. దీనికి కుట్ర అవసరము లేదు.

నీళ్ల ప్రశ్న

మొదటి ఆరు అధ్యాయములు జీవ మార్గము, మరణ మార్గము అను రెండు మార్గములను గూర్చినవి. 1947 మొదలుకొని కుమ్రానులో దొరికిన చుట్టలలో ఇట్టి బోధయే కనబడుటచేత, ఇది యూదుల ఉపదేశములో నుండి వచ్చినదని ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకొనుచున్నారు. ఇక్కడ ఎక్కువసేపు నిలువనక్కర లేదు. మన వారికి చిక్కు కలిగించునది ఏడవ అధ్యాయము.

పారు నీటిలో బాప్తిస్మమిమ్మని డిడాకే చెప్పుచున్నది. పారు నీరు లేనియెడల వేరే నీటిలో. చల్లని నీటిలో వీలు కానియెడల వెచ్చని నీటిలో. రెండును తగినంత లేనియెడల తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున తలపై మూడు మారులు నీళ్లు పోయుమని చెప్పుచున్నది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ముందుగా ఉపవసింపవలెను. పుచ్చుకొనువాడు ఒకటి రెండు దినములు తప్పక ఉపవసింపవలెను.

ఈ కొన్ని మాటలు మన తెలుగు క్రైస్తవులలో ఎవరిని నొప్పింపవు? 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది ముంచబడిన ఒంగోలు చరిత్రను బాప్తిస్టు సహోదరులు అతిశయముతో చెప్పుకొందురు. పారు నీటిని కోరు డిడాకే వారి పక్షమున నిలుచును. కాని అదే వాక్యములో, నీరు చాలనప్పుడు తలపై పోసినను బాప్తిస్మమేనని కూడ చెప్పును. పోయుట బాప్తిస్మము కాదు, తరువాతి కాలపు రోమా కల్పన అని మన పుస్తకములలో వ్రాసిన వాదన ఇక్కడ నిలువదు. 1842లో హయ్యరు దొర గుంటూరు వచ్చిన నాటి నుండి లూథరను సంఘములును, వారివలె శిశువులకు బాప్తిస్మమిచ్చు ఇతర సంఘములును తలపై నీళ్లు పోయుచున్నవి. వారు ఈ అధ్యాయము చూపి సంతోషింపవచ్చునా? ముందు ఆరు అధ్యాయముల ఉపదేశము చెప్పి, ఉపవాసముంచి, తరువాత ఇమ్మను బాప్తిస్మము ఒడిలోని శిశువునకు ఎట్లు కుదురును? ఇది అన్యజనులలో నుండి వచ్చు పెద్దవారి కొరకు వ్రాసినది, విశ్వాసుల పిల్లల సంగతి ఇందులో లేదు అని వారు చెప్పవచ్చును. అది న్యాయమైన మాటయే. అయితే లేని సంగతిని ఆధారముగా చేసికొనలేరు.

ఇంకొకటి. యేసు నామమున మాత్రమే బాప్తిస్మమియ్యవలెనను వారికిని త్రియేక నామమున ఇచ్చు వారికిని మన మధ్య జరుగు వివాదము చదువరులకు తెలిసినదే. డిడాకే ఏడవ అధ్యాయములో త్రియేక నామము ఉన్నది. తొమ్మిదవ అధ్యాయములో అదే బాప్తిస్మమును ప్రభువు నామమున పొందినదిగా చెప్పుచున్నది. వ్రాసిన వానికి ఈ రెంటి మధ్య పోరాటము కనబడలేదు.

ఒక సంఘములో బాప్తిస్మము పొందిన వానిని మరియొక సంఘము మరల ముంచుట, ఆ కారణమున పెండ్లి సంబంధములు నిలిచిపోవుట, చనిపోయిన వానిని ఏ సమాధుల దొడ్డిలో పెట్టవలెనో తేలక శవమును ఇంటి ముందర నిలుపుట, ఇవి మన గ్రామములలో లేని సంగతులు కావు. ఇన్ని నీళ్లు కావలెనని తగవులాడు మనకంటె, ఉన్న నీళ్లతో ఇమ్మన్న ఆ పాత బోధకుడు బాప్తిస్మమును తక్కువ చేసెనని మేము అనుకొనము. నీళ్లను గూర్చి ఎంత సడలింపు ఇచ్చెనో ఉపవాసమును గూర్చి అంత గట్టిగా ఉండెను. మనము దానిని తిరుగవేసితిమి.

ఉపవాసము, బల్ల

డిడాకేలోని ప్రతి మాటను మెచ్చుకొనవలెనని మా ఉద్దేశము కాదు. ఎనిమిదవ అధ్యాయము చూడుడి. వేషధారులు సోమ, గురువారములలో ఉపవసింతురు గనుక మీరు బుధ, శుక్రవారములలో ఉపవసింపుడని చెప్పుచున్నది. మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు వేషధారుల ఉపవాసమును ఖండించినది వారము మార్చుటకు కాదు, మనుష్యులకు కనబడవలెనను ఆశను విడుచుటకు. ప్రభువు హృదయములో పెట్టిన దానిని ఈ పుస్తకము పంచాంగములో పెట్టినది. శుక్రవారపు ఉపవాస ప్రార్థన మన సంఘములలో ఎంత పాతుకొన్నదో తలంచినప్పుడు, ఆ అలవాటు వయస్సు ఎంతో, అందులోని అపాయము వయస్సు కూడ అంతే అని తోచుచున్నది.

తొమ్మిది, పది అధ్యాయములలోని బల్ల ప్రార్థనలు మరింత లోతైన ప్రశ్న వేయుచున్నవి. అక్కడ పాత్ర ముందు, రొట్టె తరువాత వచ్చును. ప్రభువు అప్పగింపబడిన రాత్రి పలికిన మాటలు లేవు. ఆయన శరీరము, రక్తము, సిలువ మరణము ప్రస్తావింపబడలేదు. దావీదు ద్రాక్షావల్లిని గూర్చియు, యేసు ద్వారా కలిగిన జీవమును జ్ఞానమును గూర్చియు కృతజ్ఞతాస్తుతి ఉన్నది. ఆ మాటలు చదువకుండ చేసిన ప్రభు భోజనము చెల్లునా అని మనలో ఎవరినైనను అడిగిన, చెల్లదనియే చెప్పుదుము.

కొందరు దీనిని చూచి, సిలువను గూర్చిన బోధ పౌలు కల్పన అనియు, తొలి సంఘమునకు అది తెలియదనియు వాదించుచున్నారు. ఆ వాదనలో బలము లేదు. ఒక క్రమ పుస్తకము విశ్వాస ప్రమాణము కాదు. మన సంఘపు వివాహ క్రమము మాత్రమే వెయ్యేండ్ల తరువాత ఎవరికైనను దొరికిన, మనకు పునరుత్థాన విశ్వాసము ఉండెనో లేదో దానినిబట్టి తేల్చగలరా? అయితే మన పక్షపు పండితులు చెప్పు సులభమైన జవాబు కూడ మాకు తృప్తి నియ్యలేదు. ఇది కేవలము ప్రేమ విందు, ప్రభు భోజనము కాదు అని వారు చెప్పుదురు. బాప్తిస్మము పొందని వానిని ఆ బల్లకు రానియ్యవద్దని పుస్తకమే కట్టడి చేయుచుండగా, పదునాలుగవ అధ్యాయములో ప్రభువు దినమున రొట్టె విరుచుటను బలి అని కూడ పిలుచుచుండగా, దానిని ఒట్టి విందు అనుట తొందరపాటు. ఆ బలి అను మాట మన ప్రొటెస్టెంటు చెవులకు కఠినముగా వినబడును. తొలి శతాబ్దముల సంఘములలో బల్ల యొద్ద ఒకే విధమైన మాటలు లేవని ఒప్పుకొనుటయే నిజాయితీ. ప్రవక్తలైతే తమకు తోచినట్లు స్తుతింపనిమ్మని కూడ అక్కడనే వ్రాయబడినది. వ్రాసిన ప్రార్థన చదువువారును, ఆత్మ నడిపింపుతో ప్రార్థించువారును ఒకే పేజీలో ఇరుగుపొరుగుగా ఉన్నారు.

ఆ ప్రార్థనలలో ఒక పోలిక కలదు. కొండలపై వెదజల్లబడిన ధాన్యము కూర్చబడి ఒక రొట్టె అయినట్లు, భూదిగంతముల నుండి సంఘము ఒకటిగా కూర్చబడవలెనని వేడుకొందురు. ధాన్యము కొండలపై పండుట ఐగుప్తు సంగతి కాదు గనుక, ఈ ప్రార్థన సిరియా, పాలస్తీనా ప్రాంతములదని పండితులు ఊహించిరి. మా డెల్టా చదువరులకు కూడ అది వింతగానే ఉండును. కులము పేరిట రెండు ఆలయములున్న గ్రామములో ఈ ప్రార్థన చేయుట దానికంటె వింతగా ఉండును.

ఎంతవరకు నమ్మవచ్చును?

గ్రీకులో దాదాపు సంపూర్ణమైన ప్రతి ఒక్కటే ఉన్నది. అదియు 1056 నాటిది. ఆక్సిరింకసులో దొరికిన నాలుగవ శతాబ్దపు చిన్న తునకలును, ఒక కాప్టిక్ భాగమును తోడుగా ఉన్నవి. మొదటి అధ్యాయములో కొండమీది ప్రసంగమును పోలిన భాగము తరువాత చేర్చబడినదని అనేకులు తలంచుచున్నారు. ఏలయనగా బర్నబా పత్రికలోని రెండు మార్గములలో అది లేదు. పదునారవ అధ్యాయము ప్రభువు మేఘములపై వచ్చు చోట తటాలున ఆగిపోవుచున్నది. లెయోను అక్కడ కొంత స్థలము ఖాళీగా విడిచెను. పుస్తకమును మొదటి శతాబ్దాంతమునకో రెండవ శతాబ్దారంభమునకో చెందినదని ఎక్కువ మంది ఎంచుచున్నారు. గనుక పండ్రెండుగురు అపొస్తలులు కూర్చుండి వ్రాసిరని ఎవరును బోధింపకూడదు. లేఖనమునకు సమానముగా పులుపిటము మీద చదువకూడదు. అయితే మన డినామినేషనుల క్రమములన్నిటి కంటెను ఇది పాతది. అపొస్తలుల కాలపు సంఘ క్రమము మా యొద్దనే యథాతథముగా ఉన్నదని చెప్పుకొను ప్రతివాడు మొదట దీనికి జవాబు చెప్పవలెను.

బోధకుని పరీక్ష

పదకొండు మొదలుకొని పదునైదు వరకు ఉన్న అధ్యాయములను కాపరులు గది తలుపు వేసికొని చదువుట మేలు. ఆ దినములలో అపొస్తలులు, ప్రవక్తలు అను పేరుతో ఊరూర తిరుగు బోధకులు ఉండిరి. వచ్చినవానిని ప్రభువువలె చేర్చుకొనుడి. ఒక దినము ఉండవచ్చును, అవసరమైతే రెండు. మూడవ దినము కూడ నిలిచినయెడల అబద్ధ ప్రవక్త. వెళ్లునప్పుడు తరువాతి మజిలీ వరకు చాలినంత రొట్టె తప్ప ఏమియు పట్టుకొని పోరాదు. డబ్బు అడిగినయెడల అబద్ధ ప్రవక్త. ఆత్మ పేరిట భోజనపు బల్ల సిద్ధము చేయించి తానే దాని యొద్ద తినువాడు అబద్ధ ప్రవక్త. ఆత్మ పేరిట నాకు డబ్బిమ్మని పలుకువాని మాట వినకుడి. ఇతరుల అక్కర కొరకు అడిగినయెడల వానికి తీర్పు తీర్చకుడి. ఈ భావముతో ఆ కట్టడలు సాగుచున్నవి.

ఇక్కడ సిద్ధాంత పరీక్ష కంటె నడవడి పరీక్ష ముందు నిలిచినది. మన యొద్దకు ఫ్లెక్సీలతో వచ్చు ప్రవక్త త్రియేకత్వమును ఒప్పుకొనునా లేదా అని మనము విచారింతుము. ఎన్ని దినములు ఉండెను, ఏమి పట్టుకొని పోయెను అని విచారింపము. టెలివిజనులో విత్తన కానుక పంపుమని, పంపిన వారికి నూరంతలు వచ్చునని ప్రకటించువానిని పదకొండవ అధ్యాయము ఒక్క వాక్యములో తీర్పు తీర్చును.

అయితే ఇక్కడ ఒక లోపము కూడ కలదు. ఆత్మలో మాటలాడు ప్రవక్తను పరీక్షింపరాదు, అది క్షమింపబడని పాపము అని అదే అధ్యాయము చెప్పుచున్నది. ప్రవక్తలు మాటలాడగా ఇతరులు వివేచింపవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆత్మలను పరీక్షించుమని యోహాను వ్రాసెను. డిడాకే మాటను పరీక్షింపనియ్యక, జీవితమును పరీక్షింపనిచ్చినది. ఆ కట్టడను వంచకులు ఎట్లు వాడుకొందురో మనకు తెలియును: అభిషక్తుని ముట్టవద్దు అను బెదిరింపు ఈనాటిది కాదు. ఈ చోట పౌలునే అనుసరింపవలెను.

ఇది చదివి సంఘ పెద్దలు కాపరి జీతము ఆపుటకు కారణము దొరికినదని తలంచవద్దు. నిజమైన ప్రవక్త స్థిరపడి నివసింప గోరినయెడల తన ఆహారమునకు పాత్రుడని పదుమూడవ అధ్యాయము ఖండితముగా చెప్పుచున్నది. ద్రాక్ష గానుగలో, కళ్లములో, పశువులలో, నూనెలో, డబ్బులో, బట్టలలో ప్రథమ ఫలములు అతనికి రావలెను. ఆ వెంటనే ఒక చిన్న మాట ఉన్నది: మీలో ప్రవక్త లేనియెడల అవి బీదలకియ్యుడి. కాపరి లేని నెలలలో వచ్చిన కానుకలు ఏమగుచున్నవో ప్రతి సంఘపు లెక్కల పుస్తకమును అడుగవచ్చును.

పదునైదవ అధ్యాయములో అధ్యక్షులను, పరిచారకులను మీకొరకు ఎన్నుకొనుడని సంఘమంతటితో చెప్పబడినది. వారు సాత్వికులును, ధనాపేక్ష లేనివారును, శోధింపబడినవారునై యుండవలెను. అధ్యక్షులు అనేకులు, ఒక్క బిషప్పు కనబడడు. ఇగ్నేషియసు పత్రికలలో ఒక్క అధ్యక్షుడు, పెద్దలు, పరిచారకులు అను మూడు అంతస్తులు స్పష్టముగా ఉన్నవి; కాలములో ఎక్కువ దూరము లేని ఈ పుస్తకములో అవి లేవు. కాబట్టి బిషప్పుల పీఠము గల సంఘములు తమ క్రమము ఒక్కటే మొదటి నుండి ఉన్నదని చెప్పలేవు. స్వతంత్ర సంఘములకు ఇందులో సంతోషింపదగినది ఇంకను తక్కువ. స్థాపకుని తరువాత కుమారుడు, కుమారుని తరువాత మనుమడు కాపరులగుట మన ఉభయ రాష్ట్రములలో ఆనవాయితీ అగుచున్నది. ఎన్నుకొనుడి అను మాటకు అక్కడ చోటెక్కడ?

చివరగా పన్నెండవ అధ్యాయములోని ఒక మాట. క్రైస్తవుడనని చెప్పుకొని వచ్చినవాడు మీ యొద్ద స్థిరపడ గోరినయెడల పని చేసి తినవలెను. వృత్తి లేనివానికి ఒక మార్గము చూపుడి. దానికి ఒప్పుకొననివాడు 'క్రిస్తెంపొరొసు' అని చెప్పి, అట్టివారిని గూర్చి జాగ్రత్తపడుమనుచున్నది. క్రీస్తు అను పేరును, వర్తకుడు అను మాటను కలిపి చేసిన మాట అది. ఈ వ్యాసము కొరకు దానిని తెనిగించుటలో మేము చాల తడబడితిమి. క్రీస్తు వర్తకుడు అనిన, ముత్యములు వెదకు వర్తకుని ఉపమానము జ్ఞాపకమునకు వచ్చి మాట గౌరవముగా మారుచున్నది. క్రీస్తును అమ్ముకొనువాడు అనిన ఇస్కరియోతు యూదా కనబడును. ఇక్కడి మనిషి అంతటి ద్రోహి కాడు, కష్టపడుటకు ఇష్టము లేనివాడు మాత్రమే. క్రీస్తు పేరు చెప్పుకొని బ్రదుకువాడు అనునది అన్నిటికంటె దగ్గరగా ఉన్నది. కాని ఆ మాటను మన కాపరులు తమ్మును గూర్చియే, వినయముతో, సాక్ష్యములలో చెప్పుకొనుట మనమందరము వినుచున్నాము. అయినను మేము దానినే ఉంచితిమి.